ఒడి తల్లిది, సంతకం తండ్రిది

విడాకులు మనకు 1955 నాటి హిందూ వివాహ చట్టంతోనే వచ్చాయని చాలామంది అనుకుంటారు. కొన్ని కులాల చరిత్రను అందరి నెత్తినా రుద్దితే అలాగే అనిపిస్తుంది. తెలుగునాట ఎన్నో కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉంది. కాపురం పొసగకపోతే కులపెద్దలు కూర్చునేవారు. తప్పెవరిదో తేల్చి, ఓలి సొమ్ము ఎవరు ఎవరికి తిరిగి ఇవ్వాలో చెప్పి, జరిమానా కట్టించుకుని లేచేవారు. పిల్లల సంగతి ఆ పంచాయతీలో చివరికెప్పుడో వచ్చేది, ఒక్క మాటలో తెమిలిపోయేది. ఇంటిపేరు ఎవరిదైతే బిడ్డ వాళ్లది. చంటిబిడ్డయితే పాలు మరిచేదాకా తల్లి దగ్గర ఉంచుకోవచ్చు, ఆ తరువాత తండ్రి గడపకు పంపాలి. ఓలి సొమ్ము లెక్క తేల్చడానికి పట్టినంత సేపు కూడా పిల్లల విషయానికి పట్టేది కాదు.

ఈ తీర్పులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. బిడ్డను దగ్గర ఉంచుకుని పెంచడం ఒకటి, దాన్నే కస్టడీ అంటున్నాం. బిడ్డ తరఫున నిర్ణయాలు చేసే అధికారం మరొకటి. బళ్లో చేర్పించడం, ఆస్తి చూడటం, కాగితాల మీద సంతకం పెట్టడం దాని కిందికి వస్తాయి. చట్టం దీన్ని సంరక్షకత్వం, గార్డియన్‌షిప్ అంటుంది. గత రెండు వందల ఏళ్లలో వచ్చిన చట్టాలనూ తీర్పులనూ వరుసగా చూస్తే ఒకటి స్పష్టంగా కనబడుతుంది. తల్లికి ఒడి తొందరగానే దక్కింది. సంతకం మాత్రం చాలా ఆలస్యంగా, గీసి గీసి, ముక్కలు ముక్కలుగా దక్కింది.

పురాణాల్లో ఈ తగువుకు దగ్గరగా వచ్చేది గంగాశంతనుల కథ. భర్తను విడిచి వెళుతూ గంగ దేవవ్రతుణ్ణి తనతో తీసుకుపోయింది, పెంచి విద్యలన్నీ నేర్పించి ఎదిగాక తండ్రికి అప్పగించింది. పసితనం తల్లిది, యౌవనం తండ్రిది అన్న సూత్రం అందులో చక్కగా ఇమిడి ఉంది. ధర్మశాస్త్రాల్లో వెతికితే అంత కూడా దొరకదు. పెళ్లి తెగేదే కాదన్నప్పుడు తెగాక పిల్లలెవరి దగ్గర అన్న ప్రశ్నకు చోటెక్కడిది? బాలుడి ఆస్తిని అతడు పెద్దయ్యేదాకా రాజు కాపాడాలని మాత్రం మనుస్మృతి గట్టిగానే చెప్పింది. ఆస్తికి ఉన్న పూచీ ఆస్తిపరుడికి లేదు. ఉమ్మడి కుటుంబంలో ఆ పూచీ అవసరమూ ఎవరికీ తోచలేదు.

పెంపకాన్నీ సంరక్షకత్వాన్నీ విడదీసి చూసింది ముస్లిం ధర్మశాస్త్రం. హనఫీ సంప్రదాయంలో మగపిల్లవాడికి ఏడేళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల యుక్తవయస్కురాలయ్యేదాకా పెంచుకునే హక్కు తల్లిది. దానికి హిజానత్ అని పేరు. విలాయత్, అంటే సంరక్షకాధికారం, తండ్రి చేతిలోనే ఉంటుంది. బిడ్డకు దగ్గరి బంధువు కాని పరాయివాణ్ణి పెళ్లి చేసుకుంటే తల్లి ఆ హక్కు పోగొట్టుకుంటుంది. షరతులు ఎన్ని ఉన్నా తల్లికి హక్కంటూ ఒకటుందని ఇంగ్లీషు చట్టం కంటే కొన్ని వందల ఏళ్ల ముందే ఇది ఒప్పుకుంది.

ఎందుకంటే ఇంగ్లండులో 1839 దాకా తల్లికి ఏ హక్కూ లేదు. పాలు తాగే బిడ్డనైనా సరే తండ్రి తీసుకుపోతే అడిగే దిక్కు లేదు. కారొలిన్ నార్టన్ అనే రచయిత్రి భర్త నుంచి విడిపోయాక ముగ్గురు కొడుకులకూ దూరమై, కరపత్రాలు రాసి, పార్లమెంటు సభ్యుల వెంటపడి ఆ ఏడాది ఒక చట్టం తెప్పించింది. ఏడేళ్లలోపు పిల్లల కోసం తల్లి కోర్టుకు వెళ్లవచ్చు, అయితే ఆమె మీద వ్యభిచార నింద ఉండకూడదు. 1873లో ఆ వయసు పదహారుకు పెరిగింది. పేరుకు పెరిగిందే గాని, జడ్జి దృష్టిలో ‘మంచి తల్లి’ కాకపోతే ఏ చట్టమూ ఆదుకోలేదు. ఆ సంగతి అందరికన్నా బాగా అనీబిసెంటుకు తెలుసు.

అనీబిసెంటు 1873లో భర్త నుంచి విడిపోయినప్పుడు ఒప్పందం ప్రకారం కొడుకు డిగ్బీ తండ్రి దగ్గర, కూతురు మేబెల్ తల్లి దగ్గర ఉన్నారు. 1877లో చార్లెస్ బ్రాడ్‌లాతో కలిసి సంతాన నిరోధం మీద ఒక చిన్న పుస్తకాన్ని ఆమె మళ్లీ అచ్చువేసింది, దాని మీద అశ్లీలమని కేసు నడిచింది. ఆ మరుసటి ఏడాదే సర్ జార్జ్ జెస్సెల్ అనే న్యాయమూర్తి మేబెల్‌ను తల్లి నుంచి తీసి తండ్రికి అప్పగించాడు. దేవుణ్ణి నమ్మని తల్లి, అలాంటి పుస్తకాలు వేసే తల్లి ఆడపిల్లను పెంచడానికి తగదన్నది ఆయన అభిప్రాయం. బిడ్డకు తల్లి దగ్గర కొదవేమైనా ఉందా అన్నది అక్కడ ప్రధానం కాలేదు. పిల్లలిద్దరూ పెద్దవాళ్లయ్యాక తల్లి దగ్గరికే తిరిగి వచ్చారు.

ఇదే అనీబిసెంటు మూడున్నర దశాబ్దాల తరువాత మద్రాసులో కోర్టు మెట్లెక్కింది. ఈసారి ఆమె ఇద్దరు తెలుగు పిల్లల్ని తన దగ్గరే ఉంచుకుంటానంటోంది, ఇమ్మని అడుగుతున్నది కన్నతండ్రి. విడాకుల కేసు కాకపోయినా, మన దేశంలో పిల్లల సంరక్షణ చట్టం దీన్ని దాటకుండా నడవలేదు. జిడ్డు నారాయణయ్య మదనపల్లె వైపువాడు, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య సంజీవమ్మ 1905లోనే పోయింది. 1909లో కొడుకులతో, అనీబిసెంటు నాయకత్వంలోని అడయారు దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. అక్కడ ఆయన కొడుకు కృష్ణమూర్తిలో కాబోయే జగద్గురువు ఉన్నాడని సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ చెప్పడం, 1910 మార్చిలో కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణ బాధ్యతను తండ్రి అనీబిసెంటుకు రాసివ్వడం, ఆమె వాళ్లను చదువుకోసం ఇంగ్లండు తీసుకుపోవడం చకచకా జరిగిపోయాయి. పిల్లలు చేజారిపోతున్నారనీ, లెడ్‌బీటర్ సావాసం మంచిది కాదనీ, కొడుకును దేవుణ్ణి చేసి తన కులధర్మానికి దూరం చేస్తున్నారనీ నారాయణయ్యకు దిగులు పట్టుకుంది. 1912లో దావా వేశాడు.

ఆయన తరఫున వాదించినవారిలో యువ న్యాయవాది సి.పి.రామస్వామి అయ్యర్ ఉన్నారు. అనీబిసెంటు లాయరును పెట్టుకోకుండా తన కేసు తానే వాదించుకుంది. 1913 ఏప్రిల్‌లో జస్టిస్ బేక్‌వెల్ తండ్రి వైపు తీర్పు చెప్పాడు, అక్టోబరులో అప్పీలులోనూ తండ్రే గెలిచాడు. 1914 మే 25న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని తలకిందులు చేసింది.

ఆ తీర్పును ఇవాళ చదివినా ఆశ్చర్యమేస్తుంది. ఒక చేత్తో తండ్రికి అది చాలా ఇచ్చింది. హిందూ తండ్రి సంరక్షకత్వం ఆయన మీద ఉన్న పవిత్ర బాధ్యత, దాన్ని ఇంకొకరికి శాశ్వతంగా బదలాయించే వీల్లేదు, రాసిచ్చిన కాగితాన్ని ఆయన వెనక్కి తీసుకోవచ్చు అంది. రెండో చేత్తో కేసునే కొట్టేసింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం మైనరు ‘సాధారణంగా నివసించే’ చోటనే కోర్టుకు అధికారం. పిల్లలు ఇంగ్లండులో ఉంటే దావా చెంగల్పట్టు జిల్లా కోర్టులో పడింది, అక్కడినుంచే హైకోర్టుకు వచ్చింది. పైగా ఆ పిల్లల్ని కేసులో పార్టీలుగా చేర్చలేదు, వాళ్ల ఇష్టమేమిటో కనుక్కోలేదు. అప్పటికి కృష్ణమూర్తికి పందొమ్మిదేళ్లు. ఇంత రచ్చ జరిగాక గాని ఆ ప్రశ్న ఎవరికీ గుర్తురాలేదు. తండ్రి కావాలనుకుంటే ఇంగ్లండు కోర్టుకు వెళ్లవచ్చని చెప్పారు. పెన్షన్ మీద బతికే నారాయణయ్యకు అది ఎలాంటి సలహానో వేరే చెప్పనక్కర్లేదు. నాకైతే ఆ తీర్పు న్యాయం చెప్పిందనిపిస్తుంది గాని, ఆ తండ్రికి న్యాయం చేసిందనిపించదు.

ఆ 1890 చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మన ఫ్యామిలీ కోర్టుల్లో సంరక్షకత్వం కోసం నడిచే ‘జీడబ్ల్యూఓపీ’లన్నీ దాని కింద వేసేవే. ‘మైనరు సంక్షేమం’ అన్న మాట అందులో అప్పుడే ఉంది. వయసు, మతం, సంరక్షకుడి గుణగణాలు చూడమంది. పిల్లలకు తెలివిగా ఎంచుకునే వయసు వస్తే వాళ్ల ఇష్టమూ చూడవచ్చంది. ఇన్ని చెప్పి, రెండు సెక్షన్లు దాటగానే తలుపు మూసేసింది. తండ్రి బతికి ఉండి, అనర్హుడని కోర్టు అనుకోనంత వరకూ ఇంకొకరిని సంరక్షకులుగా నియమించే అధికారం కోర్టుకు లేదంది పందొమ్మిదో సెక్షను. పదిహేడులో బిడ్డ సంక్షేమం, పందొమ్మిదిలో తండ్రి హక్కు. ఈ రెండూ ఒకే చట్టంలో నూటఇరవై ఏళ్లు కాపురం చేశాయి.

స్వాతంత్ర్యం వచ్చాక హిందూ కోడ్ బిల్లును ముక్కలు చేసి తెచ్చిన చట్టాల్లో రెండు ఈ విషయానికి సంబంధించినవి. 1955 వివాహ చట్టంలోని 26వ సెక్షను విడాకుల కేసు నడుస్తుండగానూ ముగిశాకనూ పిల్లల గురించి ఎప్పటికప్పుడు ఉత్తర్వులిచ్చే వీలు కల్పించింది. అందుకే కస్టడీ తీర్పు ఎన్నడూ ఆఖరి తీర్పు కాదు. పరిస్థితి మారితే మళ్లీ అడగవచ్చు. 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షనులో మగపిల్లవాడికైనా, పెళ్లికాని ఆడపిల్లకైనా సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి అని రాశారు. అయిదేళ్లు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నారు. పదమూడో సెక్షనులో బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమన్నారు. కులపెద్దల తీర్పు గుర్తొస్తుందా? పాలు మరిచేదాకా అన్నది అయిదేళ్లయింది, తక్కినదంతా దాదాపు అదే. తేడా పదమూడో సెక్షనులో ఉంది. దాన్ని పట్టుకునే కోర్టులు తరువాత చాలా దూరం వెళ్లాయి.

ఆ దారిలో 1973 ఒక మలుపు. రోసీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కాదు, ఆటవస్తువులూ కాదని తేల్చిచెప్పింది. ఇప్పుడు వింటే ఎవరైనా అనే మాటే. తండ్రి అనర్హుడని రుజువైతే తప్ప బిడ్డ ఆయనదేనన్న వాదన జిల్లా కోర్టుల్లో రోజూ వినిపించే కాలంలో మాత్రం అది చిన్న మాట కాదు. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. ముందు రాజీకి ప్రయత్నించాలి, కౌన్సెలర్లుండాలి, లాయరును పెట్టుకోవడం హక్కు కాదు, అడిగితే తలుపులు మూసి విచారించాలి అన్నారు. ఉద్దేశం బంగారంలాంటిది. వాయిదాలు మాత్రం మామూలు కోర్టుల్లాగే పడతాయి.

సంతకం కథకు అదే 1984లో పునాది పడింది. రచయిత్రి గీతా హరిహరన్, ఆమె భర్త కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు రిలీఫ్ బాండ్లు కొనాలనుకున్నారు. సంరక్షకురాలిగా తల్లి సంతకం చేస్తుందని ఇద్దరూ కలిసే రాసిచ్చారు. తండ్రి సంతకమైనా కావాలి, లేదా తల్లే సంరక్షకురాలని అధికారిక పత్రమైనా తేవాలి అంది బ్యాంకు. అక్కడ తగువూ లేదు, విడాకులూ లేవు. అయినా తల్లి సంతకం చెల్లలేదు. దీనితోపాటే పర్యావరణవేత్త వందనా శివ పిటిషన్ కూడా విచారణకు వచ్చింది, అందులో కస్టడీ వివాదం ఉంది. 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆరో సెక్షనులోని ‘తరువాత’కు ‘చనిపోయిన తరువాత’ అని అర్థం చెప్పుకోనక్కర్లేదు, తండ్రి అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు, ఇద్దరూ ఒప్పుకున్నప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు అంది కోర్టు. సెక్షనును కొట్టేస్తే ఇంకా బాగుండేదని ఆనాడే చాలామంది విమర్శించారు, వాళ్లతో నాకు పేచీ లేదు. తల్లికి సమాన హోదా ఇవ్వకుండా, తండ్రి ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోబెట్టిన తీర్పు అది.

ఆ తరువాత మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2010లో పందొమ్మిదో సెక్షనులో తండ్రి పక్కన తల్లిని చేర్చారు. పెళ్లికాని తల్లి తండ్రికి నోటీసు ఇవ్వకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015లో సుప్రీంకోర్టు అంది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరుంటే చాలన్నారు. 2022లో ఒక తెలుగింటి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మొదటి భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టింది. పాత ఇంటిపేరే ఉంచాలనీ, కాగితాల్లో రెండో భర్తను మారుతండ్రి అని రాయాలనీ హైకోర్టు అన్నది. అలా రాయించడం బిడ్డ మనసుకు ఎంత కష్టమో ఆలోచించారా అని అడిగి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనంది. ఇంటిపేరును బట్టే బిడ్డ ఎవరిదో తేల్చిన సమాజంలో ఈ తీర్పు ఎంత దూరం వచ్చిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

అసలు కస్టడీ ఉత్తర్వు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లు కోర్టులో దాఖలు చేసే రాజీ మెమోలో రెండు పేజీలు నగలు, సొమ్ము, ఫ్లాటు గురించి ఉంటే, పిల్లల గురించి అర పేజీ ఉంటుంది. పాప తల్లి దగ్గర ఉంటుంది. తండ్రి నెలలో రెండో, నాలుగో శనివారం పొద్దున పదింటికి వచ్చి తీసుకువెళ్లి సాయంత్రం అయిదింటికి దింపాలి. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో సగం రోజులు తండ్రివి. బడి ఫీజు తండ్రి కడతాడు, మనోవర్తి నెలనెలా ఫలానా తేదీలోగా బ్యాంకులో పడాలి. పుట్టినరోజు ఏడాది విడిచి ఏడాది. గొడవ తీవ్రంగా ఉన్నచోట అప్పగింత ఇంటిదగ్గర జరగదు, కోర్టు ఆవరణలోనే జరగాలంటారు. చూడటానికి అంతా సక్రమంగానే ఉంటుంది. రాయకుండా వదిలేసినవాటి దగ్గరే తంటా వస్తుంది. రెండో శనివారం పరీక్ష పడితే? తల్లికి ఇంకో ఊరికి బదిలీ అయితే? టీసీ మీద సంతకం ఎవరు పెట్టాలి? పాపకు ఆపరేషన్ అవసరమైతే ఎవర్నడగాలి? మెమో రాసేటప్పుడు రెండు వైపులా ఈ వాక్యాలకు ఇంకో గంట కేటాయిస్తే, తరువాత వేసే మధ్యంతర దరఖాస్తులు (ఐఏలు) సగానికి సగం తగ్గుతాయి.

ఈ లోటు పూడ్చాలనే 2015 మేలో జస్టిస్ ఏ.పి.షా నేతృత్వంలోని లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని చట్టంలోకి తెమ్మంది. ఆరో సెక్షనులో తల్లిదండ్రులిద్దర్నీ సమానంగా సహజ సంరక్షకుల్ని చేయమని కూడా చెప్పింది. అదే మాట 1989లో ఇంకో లా కమిషన్ చెప్పింది. సెక్షను మాత్రం కదల్లేదు. ఉమ్మడి కస్టడీ అనగానే బిడ్డ వారం ఇక్కడ, వారం అక్కడ అని భయపడతారు గాని, అందులో ముఖ్యం నిర్ణయాల్లో ఇద్దరికీ భాగం ఉండటం. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు బిడ్డదని 2020 జనవరిలో యశితా సాహూ కేసులో సుప్రీంకోర్టు గుర్తుచేసింది. దూరాన ఉన్నవాళ్లకు వీడియో కాల్‌లో రోజూ పలకరించే వీలు కల్పించాలంది. చూడటానికి వచ్చే హక్కు తండ్రిదో తల్లిదో అనుకున్నంతకాలం దాన్ని పంచుకునే వస్తువులాగే చూశాం. బిడ్డ హక్కు అనేసరికి లెక్క మారింది. పిల్లల మనసు విరిచి రెండోవారి మీద విషం నింపే తల్లిదండ్రుల గురించి కోర్టులు ఇప్పుడు గట్టిగా మాట్లాడుతున్నాయి. అయితే నిజంగా దెబ్బలు తిని వచ్చిన తల్లి భయాన్ని కూడా ఆ ఖాతాలోనే వేసే లాయర్లున్నారు, అక్కడ జడ్జి కాస్త ఆగి చూడాలి.

తెలుగువాళ్ల కేసుల్లో ఇప్పుడు అన్నిటికన్నా చిక్కుముడి అమెరికాది. పెళ్లి హైదరాబాదులో, పిల్లలు పుట్టింది అక్కడ, గొడవ ముదిరాక ఒకరు పిల్లలతో ఇక్కడికి వచ్చేస్తారు. ఎత్తుకువచ్చిన పిల్లల్ని వెనక్కి పంపే విషయమై 1980లో హేగ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం చేరలేదు. చేరాలని లా కమిషన్ చెప్పింది, 2016లో ముసాయిదా బిల్లు వచ్చింది, దాన్ని పరిశీలించిన జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. కొట్టేభర్త నుంచి పారిపోయి పుట్టింటికి వచ్చిన తల్లిని దొంగను చేస్తారా అన్న అభ్యంతరం బలమైనదే, అందుకే వెనకాడుతున్నారు. ఒప్పందం లేకపోవడంతో ప్రతి కేసూ మొదటికి వస్తుంది. విదేశీ కోర్టు ఉత్తర్వును పరిగణించవలసినవాటిలో ఒకటిగా మాత్రమే చూడాలని 2017లో సుప్రీంకోర్టు అంది. ఆ కేసులో పాప ఢిల్లీలో తల్లి దగ్గరే ఉండిపోయింది. 2019 మార్చిలో ఒక తెలుగు జంట కేసులో ఫలితం తిరగబడింది. పెన్సిల్వేనియా కోర్టులో విడాకులకూ కస్టడీకీ తొలుత వెళ్లింది భార్యే. తరువాత ఇద్దరు పిల్లలతో వచ్చి హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో సంరక్షకత్వం కోసం పిటిషన్ వేసింది. పిల్లలు సాధారణంగా నివసించేది అమెరికాలో, కాబట్టి ఇక్కడి కోర్టుకు అధికారం లేదని సుప్రీంకోర్టు అంది, పిల్లల్ని వెనక్కి పంపమంది. నారాయణయ్య దావాను కొట్టేసిన ఆ మాటే, నూటఅయిదేళ్ల తరువాత, ఇంకో తెలుగింటి గడపలో.

అందుకే ఇలాంటి కేసుతో వచ్చినవాళ్ల పెళ్లి కథను అనుభవమున్న లాయర్లు తరువాత తీరిగ్గా వింటారు. ముందు అడిగే ప్రశ్నలు వేరు. పిల్లలు నిరుడు ఏ బళ్లో చదివారు, ఏ దేశపు పాస్‌పోర్టులు, అక్కడి కోర్టులో ఎవరైనా ఏమైనా వేశారా, వచ్చేటప్పుడు తిరుగు టికెట్ తీసుకునే వచ్చారా?